లెక్కకు రాని రెండు బుట్టలు

అనగనగా ఒక అడవిలో, మనుషులు కాదర్రా, జంతువులే బంతాట ఆడేవి. అడుగు లేని తాటాకు బుట్ట ఒకటి మద్దిచెట్టు కొమ్మకి వేలాడుతూ ఉండేది. తుంగగడ్డి చుట్టి చేసిన బంతిని అందులో వెయ్యాలి. చెట్టెక్కకూడదు. రెక్కలు విప్పకూడదు. ఇవి కాక ఇంకో కట్టుబాటు ఉండేది. బంతిని బుట్టలో వేసినవాళ్ళు, దాన్ని తమకి ఎవరు అందించారో ఆ పేరు అందరికీ వినబడేట్టు చెప్పాలి. చెప్పకపోతే ఆ బుట్ట లెక్కకు రాదు.

"బంతికి కాళ్ళున్నాయా, తనంతట తను నడిచి రావడానికి? తెచ్చిచ్చినవాళ్ళని తలుచుకోవద్దూ?" అనేవాడు సింహాద్రి తాత. ఆయన ముసలి అడవిదున్న. ఆటకి పెద్ద ఆయనే.

ఆ అడవిలో చింతాలు అని ఒక కొండముచ్చు ఉండేవాడు. వాడు గెంతితే తోక కూడా నేలని తాకేది కాదు. నూకాలు అని ఒక కొంగ ఉండేది. అది మెడ చాచి ముక్కుతో విసిరితే బంతి నేరుగా బుట్టలోకే. ఇద్దరూ ఒకే జట్టు. చిక్కంతా అక్కడే వచ్చింది.

"నా గెంతు చూశావా నూకాలూ?" అనేవాడు చింతాలు.

"చూశాలే. నేల నిన్ను మొయ్యలేక పైకి విసిరేస్తోంది" అనేది నూకాలు.

"ఒంటికాలి మీద కునికేదానివి, నీకేం తెలుసే ఆట?"

నూకాలు పేరు ఆటలో పైకి చెప్పాలంటే చింతాలుకి నాలుక తిరిగేది కాదు. నూకాలుకీ అంతే. అందుకని ఒకరి దగ్గర్నుంచి ఒకరు బంతి అందుకునేవారే కాదు. మధ్యలో ఆ జట్టులో మూడోది, ముంగిస బుల్లెమ్మ ఉండేది. అటు పరిగెత్తి బంతి తెచ్చి ఇటు ఇచ్చేది. ఇటు తెచ్చి అటు ఇచ్చేది. "బుల్లెమ్మ!" అని ఇద్దరూ హాయిగా అరిచేవారు. ఆ పేరు చెబితే ఎవరికీ తక్కువతనం లేదు మరి.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. అడవిలో పారే ఏరు ఎండి, నడుమ ఒక్క మడుగు మిగిలింది. రెండు గట్ల జంతువులూ ఒక్కసారే దిగితే నీళ్ళన్నీ బురదే. సింహాద్రి తాత రెండు గట్లవాళ్ళనీ పిలిచాడు.

"ఆట గెలిచిన గట్టు పొద్దున్నే తాగుతుంది. ఓడినవాళ్ళు మధ్యాహ్నం రండి. వానలు పడేదాకా ఇంతే" అన్నాడు.

మధ్యాహ్నమంటే ఇసక పెనంలా కాలుతుంది. బుల్లెమ్మకి నలుగురు పిల్లలు. అప్పుడప్పుడే నడుస్తున్నారు. అరికాళ్ళు లేత చిగుళ్ళలా ఉన్నాయి.

"చింతాలన్నా, నూకాలక్కా, ఈ ఒక్కరోజూ దెబ్బలాడకండి. నా పిల్లలు ఆ ఇసకలో నడవలేరు" అంది బుల్లెమ్మ.

"నేనున్నాగా!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఒకే మాట అన్నందుకు మళ్ళీ గుర్రుగా చూసుకున్నారు.

అవతలి గట్టు జట్టులో ముగ్గురూ కుందేళ్ళే! చింతాలు పొట్ట పట్టుకుని నవ్వాడు. ముందు అయిదు బుట్టలు వేసిన జట్టుదే గెలుపు. చూస్తుండగానే మనవాళ్ళకి నాలుగు బుట్టలయ్యాయి. నాలుగుసార్లూ "బుల్లెమ్మ!" అనే కేకే.

కుందేళ్ళు చెవులు చెవులు ఆనించి ఏదో గుసగుసలాడుకున్నాయి. ఆ తర్వాత రెండు కుందేళ్ళు బుల్లెమ్మకి చెరోపక్కా అతుక్కుపోయాయి. పాపం, అది కదలాలన్నా దారి లేదు.

ఇక దారేముంది? బంతి నూకాలు ముక్కు నుంచి నేరుగా చింతాలు చేతిలో పడింది. ఎగిరాడు. వేశాడు.

"ఎవరిచ్చారురా?" అన్నాడు తాత.

చింతాలు తోక గోక్కున్నాడు. ఆకాశం చూశాడు.

"లెక్కకు రాదు!" అన్నాడు తాత.

కాసేపటికి చింతాలు విసిరిన బంతిని నూకాలు బుట్టలో వేసింది.

"ఎవరిచ్చారమ్మా?"

నూకాలు మెడ తిప్పుకుని రెక్కలో ఈకలు సర్దుకుంది.

"ఇదీ రాదు!"

ఈలోగా కుందేళ్ళు ఒక్కో బుట్టా వేసుకుంటూనే ఉన్నాయి. "పూసాలిచ్చింది తాతా! పూసాలుకి మంగులిచ్చింది, ఆ పేరు కూడా చెప్పమంటారా?" అని కిచకిచలాడుతున్నాయి. నాలుగుకి నాలుగు అయ్యాయి.

బుల్లెమ్మ ఆయాసంతో కూలబడింది. "మీ పేర్లేమైనా పల్లేరుకాయలా, నోట్లో గుచ్చుకోవడానికి?" అంది.

బంతి మళ్ళీ నూకాలుకి దొరికింది. మూడు కుందేళ్ళూ దాని మీదకే ఉరికాయి. నూకాలు ఒక్క క్షణం చింతాలుని చూసింది. బంతి విసిరేసింది. చింతాలు గాల్లోనే అందుకుని, గాల్లోనే వేశాడు. బంతి బుట్టలోంచి జారి నేల మీద పడింది.

అందరి కళ్ళూ వాడి నోటి మీదే.

అప్పుడు వాడి చూపు ఆటస్థలం అంచుకి పోయింది. అక్కడికి ఎండ వచ్చేసింది. బుల్లెమ్మ పిల్లలు నలుగురూ ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతున్నారు. అచ్చం నూకాలు నిలబడ్డట్టే! చింతాలుకి నవ్వొచ్చింది. నవ్వుతోనే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

"నూ..." అన్నాడు. "నూకాలు! నూకాలిచ్చింది తాతా! ఆ బంతి ఇంకెవరూ ఇవ్వలేరు!"

ఆ అరుపుకి మద్దిచెట్టు మీది చిలకలన్నీ లేచిపోయాయి.

"నాకు సరిగ్గా వినబడలేదు. మళ్ళీ చెప్పు" అంది నూకాలు.

"నాకు వినబడింది. అయిదు!" అన్నాడు తాత.

బుల్లెమ్మ లేచి తాత ముందుకొచ్చింది. "తాతా, పందెం పెద్దవాళ్ళకే గాని పసివాళ్ళకెందుకు? కుందేలు పిల్లల్ని కూడా పొద్దున్నే రానీ" అంది. తాత కొమ్ములూపాడు.

మర్నాడు పొద్దున్న మడుగు చుట్టూ పిల్లలే పిల్లలు. గట్టు మీద చింతాలూ నూకాలూ మళ్ళీ దెబ్బలాట.

"నిన్నటి బుట్ట నీదేరా!"

"కాదే, నీదే!"

"నీదంటే నీదే! నోర్మూసుకుని ఒప్పుకో!"

బుల్లెమ్మ నీళ్ళు తాగుతూ నవ్వింది. ఈసారి మధ్యలోకి పరిగెత్తలేదు.

నీతి: ఎంత గొప్ప ఆటగాడికైనా బంతి ఇంకొకరు అందిస్తేనే వస్తుంది, ఆ పేరు నోరారా చెబితే మన గొప్ప తరగదు, చెప్పకుండా మింగేస్తే గెలుపే దక్కదు.