నక్కగారి తాళం గది

చెరకు తోటల పక్కన పాడుబడ్డ ఇటుకల బట్టీ ఒకటి ఉంది. మనుషులు దాన్ని వదిలేసి పోగానే జంతువులు వచ్చి కాపురాలు పెట్టేశాయి. తూర్పున పల్లంలో ఉన్న భాగం కోళ్ళది. పడమట మెరక మీదున్న గదులన్నీ పరంధామయ్య అనే నక్కవి. ఆయన ఒకదాంట్లో తానుండి, మిగతావి వాటాలు చేసి అద్దెకిచ్చేవాడు. నుదుట విభూతి రేకలు, మెడలో రుద్రాక్ష, మాటల్లో తేనె. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళందరూ మనం దిగేదాకా తేనెలాగే మాట్లాడతారు కాబట్టి ఈయన్ని ఒక్కణ్ణే అనుమానించడానికి ఎవరికీ తోచలేదు.

ఆషాఢంలో ఒక తడి సాయంత్రం గవిరి అనే ముంగిస మూట పట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడింది. కోళ్ళ దగ్గర దానికి కాపలా ఉద్యోగం దొరికింది. పాముల బెడద ఎక్కువై కోళ్ళు కొత్తగా పెట్టుకున్న కొలువది. గవిరి పాత కలుగు పొలం దున్నే ట్రాక్టరు కింద పోయింది. ఇక్కడ వాటా దొరక్కపోతే ఆ రాత్రి తల దాచుకునే చోటు లేదు.

“ఒంటిదానివేనా?” అన్నాడు పరంధామయ్య.

“ఒంటిదాన్నేనండి.”

“చుట్టాలూ పక్కాలూ అంటూ వచ్చి పడరు కదా?”

“ఎవరూ లేరండి.”

“గోడలకి గోళ్ళు ఆనించకూడదు. గుమ్మంలో చెత్త పోయకూడదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే వాటా. ఉద్యోగం పోయిందా, మూట సర్దుకోవాలి. ముందే చెప్తున్నా, తర్వాత మొహమాటాలొద్దు.”

“అలాగేనండి.”

వాటా బాగానే ఉంది. చిన్నదైనా వాన కారడం లేదు. తూర్పు గోడకి మాత్రం ఒక చెక్క తలుపు, దానికో తాళం.

“ఆ గదేంటండి?”

“అదా... మా నాన్నగారి కాలంనాటి సామానుందమ్మా. అవతల మా వంటింట్లోంచి కూడా దానికి దారి ఉంది. దాని జోలికి మాత్రం పోకు. మిగతా ఇల్లంతా నీదే అనుకో.”

మిగతా ఇల్లంటే ఉన్నది ఆ ఒక్క గదే. అయినా గవిరి సంతోషంగా తలూపింది. ఇల్లు దొరకనివాళ్ళకి ఎదుటివాళ్ళ షరతులన్నీ న్యాయంగానే కనిపిస్తాయి.

“ఆషాఢంలో పాలు పొంగించకూడదు. శ్రావణం వచ్చాక మంచిరోజు చూసి పొంగించుకో” అని పరంధామయ్య వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే గవిరి కొలువులో చేరింది. కోళ్ళకి పెద్ద వీర్రాజు, డేగపుంజు. తురాయి సర్దుకుని దాన్ని ఎగాదిగా చూశాడు.

“మీ జాతి సంగతి మాకు తెలియంది కాదమ్మాయ్. పాముల్నీ చంపుతారు, సందు దొరికితే గుడ్లూ తాగుతారు. పామంటే అంతకన్నా భయం కాబట్టి నిన్ను పెట్టుకున్నాం. అదిగో, బుల్లెమ్మ పొదుగుతోంది. అది పిల్లల్ని చేసేదాకా చూస్తాం. గుడ్లన్నీ భద్రంగా ఉంటే ఉద్యోగం ఖాయం. ఒక్కటి తగ్గినా నీ దారి నీది.”

“నేను పుట్టాక గుడ్డు ముట్టలేదండి” అంది గవిరి. నిజమే చెప్పింది. కానీ గొంతు వణికేసరికి అది అబద్ధంలా వినబడింది.

ఆ రోజునుంచి గవిరికి తిండి సహించలేదు. చీకటితో లేచి కంచె చుట్టూ తిరిగేది. ఆకు కదిలితే ఉలిక్కిపడేది. గుడ్ల బుట్టకి దూరంగా నడిచేది, చూపు అటు పడితే ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని తల తిప్పుకునేది. డ్యూటీ దిగాక కూడా ఇంటికి పోకుండా అక్కడక్కడే తిరుగుతుంటే కోడిపెట్టలు నవ్వుకున్నాయి.

“కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా!”

గవిరి కూడా నవ్వేది. ఆ నవ్వు పెదవులు దాటి లోపలికి పోయేది కాదు.

అంత కాపలా కాసినా ఒకనాడు ఒక గుడ్డు పోయింది. మరికొన్నాళ్ళకి ఇంకోటి. రెండుసార్లూ తెల్లవారుజామునే. వీర్రాజు పొగగొట్టమెక్కి కూస్తుంటాడు. గవిరి కంచె చుట్టూ తిరుగుతుంటుంది. అప్పుడే బుల్లెమ్మ రోజుకొక్కసారి బుట్ట దిగి నాలుగు గింజలు ఏరుకుంటుంది. తిరిగొచ్చేసరికి గుడ్డు ఉండదు. పాము జాడ లేదు, పెంకు ముక్క లేదు.

“ఇక్కడ దొంగెవరో...” అని వీర్రాజు ఇంకా అననైనా లేదు, గవిరి “నేను కాదండి!” అనేసింది.

“గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే” అన్నాడు వీర్రాజు. “కంచే చేను మేస్తే ఇంక చెప్పేదేముంది? మొదటిసారి పోనీలే అన్నాను. ఇది రెండోసారి. ఇంకొక్కటి పోయిందంటే నువ్వు నాకు కనబడకూడదు.”

గవిరి కళ్ళనీళ్ళు కుక్కుకుని ఇంటిదారి పట్టింది. దారిలో గేదె మహలచ్చమ్మ నెమరేస్తూ పడుకుని ఉంది.

“ఏమే, అలా ఉన్నావేం?”

గవిరి మొత్తం చెప్పుకుంది. మహలచ్చమ్మ నెమరు ఆపకుండానే విన్నది.

“పాలు పొంగించకుండా దిగావుగా మరి. ఇల్లు కలిసిరావద్దూ? శ్రావణం వచ్చేసింది. ఇవాళ శుక్రవారం. పాలు నేనిస్తాను, పొంగించెయ్యి.”

పాలకీ గుడ్లకీ సంబంధమేమిటో గవిరికి అంతుపట్టలేదు. కానీ మునిగిపోయేవాడు గడ్డిపరకనైనా పట్టుకుంటాడు. ఓనరుని అడిగింది.

పరంధామయ్య మొహం వెలిగిపోయింది. “శుభం! పెద్ద గిన్నెలో పెట్టమ్మా, చిన్నదాంట్లో వద్దు. పాలు తూర్పుకి పొంగాలి. ఎంత పొంగితే అంత కలిసొస్తుంది. మిగిలిన పాలతో బెల్లం దట్టించి పరమాన్నం చెయ్యి. మా వంతు ఆ తాళం గది గుమ్మంలో పెట్టు, నేను వచ్చి తీసుకుంటా. మర్చిపోకు సుమా!”

గవిరి గది మధ్యలో కుంపటి పెట్టి, పెద్ద గిన్నె నిండా పాలు పోసి కూర్చుంది. కూర్చుందన్న మాటేగాని మనసంతా కోళ్ళ దగ్గరే ఉంది. ఏ పెట్ట అరిచినా చెవులు రిక్కించేది. వీర్రాజు గొంతు వినబడితే లేచి నిలబడేది. ‘ఇంకొక్కటి పోతే నా గతేంటి? ఈ మూట పట్టుకుని ఎక్కడికి పోను? ఎవరింటికెళ్ళినా, గుడ్లు దొంగిలించిన ముంగిస ఇదేగా అనరూ?’ ఆ ఆలోచనలో ఉండగా పాలు పొంగాయి. చూసుకుని గిన్నె దించేసరికి సగం పాలు నేలపాలయ్యాయి.

పాలు తూర్పుకే పొంగాయి. గవిరి దణ్ణం పెట్టుకుంది. తుడుద్దామని గుడ్డ తెచ్చేసరికి నేల మీద చారలు తప్ప పాలు లేవు. అన్నీ పల్లానికి జారి తాళం గది తలుపు కిందకి వెళ్ళిపోయాయి. అవతల ఎక్కడో బొటబొటా కారుతున్న చప్పుడు.

‘అయ్యో, ఓనరుగారి సామాను తడిసిపోయిందేమో!’ ఉన్న భయాలకి ఇదొకటి తోడైంది.

పరమాన్నం కుంపటి మీద పెట్టి సాయంత్రం డ్యూటీకి పరిగెత్తింది. వెళ్ళేసరికి కోళ్ళ పంచన గోలగోలగా ఉంది.

“ఎవరే నా గడ్డి తడిపింది?” బుల్లెమ్మ రెక్కలు విదిలిస్తోంది. “బుట్ట వెనకంతా తడి! గుడ్లకి చల్లదనం తగిలితే పిల్లలు లేస్తాయా?”

వీర్రాజు వంగి వాసన చూశాడు. “పాలు! ఇక్కడికి పాలెలా వచ్చాయి?” అని గవిరి వైపు తిరిగాడు. “నీ దగ్గరే పాల వాసన కొడుతోందేం?”

 గవిరికి చటుక్కున తలుపు కింద జారిన పాలూ, బొటబొటమన్న చప్పుడూ గుర్తొచ్చాయి. గబగబా వెళ్ళి బుట్ట వెనక గడ్డి తప్పించింది. గోడ మూల కన్నం ఉంది. ఒళ్ళు కుదించుకుంటే దూరేంత కన్నం. అందులోంచి పాలు ఇంకా సన్నగా కారుతున్నాయి.

“సొరంగం!” అన్నాడు వీర్రాజు. పైకి చూశాడు. సొరంగం మెరక వైపు, తిన్నగా గవిరి వాటా వైపు పోతోంది. ఆయన మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. “నేల తవ్వడం మీ కులవిద్యేగా?”

అరిచి గోలపెడదామన్నంత ఏడుపొచ్చింది గవిరికి. కానీ ఇన్నాళ్ళ భయానికి చివరికి ఎక్కడో అడుగు తగిలినట్టుంది, గొంతు వణకలేదు.

“నేను తవ్విందే అయితే, నా సొరంగంలో నేనే పాలు పోసుకుని మీకు చూపిస్తానా వీర్రాజుగారూ? మా వాటాలో ఒక గదికి తాళం ఉందండి. తాళంచెవి నాది కాదు. రేపు తెల్లవారేదాకా టైమివ్వండి. దొంగ దొరక్కపోతే మీరు పొమ్మనక్కర్లేదు, నేనే పోతాను.”

వీర్రాజు బుల్లెమ్మ వంక చూశాడు.

“చూద్దాం లెండి” అంది బుల్లెమ్మ. “ఇది దొంగదైతే ఇన్నాళ్ళూ నా బుట్ట వంక చూడ్డానికి అంత భయపడదు.”

“ఏం చెయ్యాలి?” అన్నాడు వీర్రాజు.

“మీరు రోజూలాగే పొగగొట్టమెక్కి కూయండి. ఒక్క కూత కూసి చప్పుడు కాకుండా దిగి రండి. అక్కా, నువ్వూ రోజూలాగే గింజలకి దిగు” అంది గవిరి. ఇంటికెళ్ళి పరమాన్నం గిన్నె తెచ్చి, గరిటెతో ఆ కన్నం లోపలికంటా పూసింది. బెల్లం పాకం సొరంగం గోడలకి అంటుకుంది.

“ఓనరుగారి వంతండి. తాళం గది గుమ్మంలో పెట్టమన్నారు. దాని గుమ్మం ఇటువైపు కూడా ఉందని వారు చెప్పలేదు, అంతే.”

బట్టీలో గండుచీమలకి కొదవా? చీకటి పడకముందే అవి బారులు తీరాయి.

తెల్లవారుజామున వీర్రాజు కూశాడు. బుల్లెమ్మ బుట్ట దిగింది. గవిరి కంచె వైపు నడిచినట్టు నడిచి, వెనక్కొచ్చి కన్నం పక్కన నక్కింది. వీర్రాజు వచ్చి అవతలి పక్కన నిలబడ్డాడు. గవిరి కన్నం మీంచి చూపు తిప్పలేదు. దొంగ ఇవాళ రాకపోతే?

లోపల ఏదో పాకుతున్న చప్పుడైంది. ఆగింది. తర్వాత చప్పరింపు మొదలైంది. గది గుమ్మంలో ఉండాల్సిన పరమాన్నం సొరంగంలోకి ఎలా వచ్చిందని ఆలోచించే తీరిక జిహ్వకి ఉండదు కదా. ఒకసారి నాకాడు, రెండోసారి నాకాడు. మూడోసారి నాకబోయి ఆగిపోయాడు.

గండుచీమ నాలుక మీద కుడితే ఎలా ఉంటుందో కుట్టించుకున్నవాళ్ళకే తెలియాలి. వెనక్కి పోదామంటే సొరంగం ఇరుకు. అరుద్దామంటే అవతల కోళ్ళు. తేలు కుట్టిన దొంగలాగ కాసేపు ఓర్చుకున్నాడు. ముక్కులోకీ దూరాక ఇంక ఓర్చుకోలేక, “అమ్మో!” అని అరుస్తూ ముందుకు దూసుకొచ్చి బుల్లెమ్మ బుట్ట ముందు పడ్డాడు. విభూతి రేకల మీద బెల్లం పాకం, దాని మీద చీమలు.

“ఓనరుగారా!” అంది గవిరి. “ఇంత పొద్దున్నే ఎలా వచ్చారండి?”

“ఇల్లు... ఇల్లు చూజుకుందామనీ...” అప్పటికే నాలుక వాచిపోయింది.

“పరమాన్నంలో బెల్లం సరిపోయిందాండి?”

జవాబు చెప్పే టైము వీర్రాజు ఇవ్వలేదు. పుంజు కాలి కత్తి లాంటి ముల్లు ఒక్కటి దిగేసరికి పరంధామయ్య కంచె మీంచి దూకి చెరకు తోటలో పడ్డాడు. రుద్రాక్ష కంచెకే వేలాడుతూ ఉండిపోయింది. మళ్ళీ బట్టీ వైపు రాలేదు.

తాళం గది తలుపు పగలగొట్టి చూస్తే నాన్నగారి కాలంనాటి సామాను ఏమీ లేదు. మూల రెండు గుడ్ల పెంకులున్నాయి, అంతే.  వీర్రాజు తురాయి దించుకుని, “అమ్మాయ్, తప్పయిపోయింది” అన్నాడు. ఉద్యోగం ఖాయం అని కూడా చెప్పాడుగాని, గవిరికి ఆ మాట సరిగా వినబడలేదు, ఏడుస్తోంది.

సొరంగాన్ని ఇటుకలతో పూడ్చేశారు. బుల్లెమ్మ గుడ్లు మిగిలినవన్నీ పిల్లలయ్యాయి. మొదటిసారి గింజలకి దూరంగా పోవాల్సి వచ్చినప్పుడు అది పిల్లలన్నిటినీ తోలుకొచ్చి గవిరి గుమ్మంలో వదిలింది.

“కాస్త చూస్తూండవే, ఇప్పుడే వస్తా.”

పిల్లలు తిన్నగా లోపలికి పోయి ముంగిస పొట్ట కింద దూరాయి. ఆ వాటాలో దిగాక గవిరి కంటినిండా నిద్రపోయింది ఆ మధ్యాహ్నమే.

నీతి: ఇంట్లో ఏది పోయినా చూపు ముందు కొత్తవాళ్ళ మీదికే పోతుంది, కానీ తాళంచెవి పాతవాళ్ళలో ఎవరి దగ్గరుందో ముందు అడగాలి.