గడప చేరని విమానం

గుమ్మలపాడు జమీందారు నాలుగు సీట్ల డీజిలు విమానం కొని, "ట్రాక్టరు కన్నా తక్కువే తాగుతుంది" అని చాటుకున్నాడు. తాగేది తక్కువే. కానీ పైలట్ జీతం, షెడ్డు, తనిఖీలు చాలక, ఎగరాల్సిన గంటల లెక్క నిండితే, బాగా తిరుగుతున్న ఇంజనునైనా తీసి కొత్తది వేయాలట. ఏడాదికే దివాణం కుదేలైంది.

"దొరగారు బిడ్డ పాలఖర్చు చూసి పెళ్లిఖర్చు మరిచారు" అన్నాడు సంతలో బుట్టలమ్మే మేదర సింగన్న.

ఆ మాట చెవినపడి జమీందారు అతణ్ణి కచేరీకి పిలిపించాడు. "విమానం నీకే కానుక. ఇక ఖర్చంతా నీదే. పాడుపెట్టావో, కొరడా దెబ్బలే!"

 సింగన్న తన గుడిసె అమ్మినా విమానం చక్రం ఒక్కటి కూడా రాదు. అయినా వంగి దండం పెట్టాడు.

"మహాప్రసాదం దొరా. కానుకను గడపదాకా చేర్చడం మీ తాతలనాటి ఆనవాయితీ. పురోహితులవారికిచ్చిన ఆవును ఆయన గడపదాకా నడిపించుకెళ్లారు. దీన్ని ఎగిరించుకొచ్చి మా గడపలో దింపించండి. అందాకా ఖర్చు మీదే కదా!"

"నీ ఇల్లెక్కడ?"

"కొండమీద, వెదురు పొదల్లో. ముందు కొండ చదును చేయించాలి."

ఇచ్చిన కానుక వెనక్కి తీసుకునే ఆనవాయితీ లేదు. కొండ చదును చేయించే ఖర్చుకు జడిసి, జమీందారు విమానాన్ని తన షెడ్డులోనే ఉంచుకున్నాడు.

నెల తర్వాత, విమానమెక్కబోతున్న జమీందారుకు సింగన్న ఎదురుపడ్డాడు.

"ఎక్కండి దొరా, పరవాలేదు. దిగాక నా విమానాన్ని కాస్త తుడిపించండి."