వెలిగించని కొవ్వొత్తి

కూర్మారావు గారికి ఒక అలవాటు ఉంది. మా వర్క్‌షాపు నుంచి ఏ యంత్రం బయటికి వెళ్ళాలన్నా, పరీక్షలన్నీ అయ్యాక ఆయన తన డ్రాయరులోంచి ఒక మామూలు కొవ్వొత్తి తీస్తారు. దాన్ని వెలిగించరు. మేము చేసేవి బేబీ వార్మర్లు, అంటే నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే యంత్రాలు. పరుపు మీద పసివాళ్ళను పడుకోబెట్టే చోట ఆ కొవ్వొత్తిని నిలబెట్టి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటారు. గోడ నిండా కొలత పరికరాలు ఉండగా ఈ చాదస్తం ఏమిటని మేము చాటున నవ్వుకునేవాళ్ళం. ఆయన ఎదుట పళ్ళు బయటపెట్టే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నవాళ్ళలో హారిక చురుకైనది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, చిక్కల్లా అదే. ఆ మధ్య ఒక జిల్లా ఆస్పత్రికి వాడి చూడమని పంపిన వార్మర్ ఫిర్యాదుతో తిరిగొచ్చింది. పాప పొట్ట మీద అంటించే సెన్సార్ చెమటకు ఊడి పక్కన పడిందట. పక్కనున్న చల్లగాలిని అది పాప ఒళ్ళనుకుంది. పాప చల్లబడిపోతోందని యంత్రం వేడి పెంచుకుంటూ పోయింది. నర్సు చూసి పాపను ఎత్తుకోబట్టి సరిపోయింది. ఇకమీదట సెన్సార్ ఊడితే వేడి ఆగిపోవాలి, అలారం మోగాలి. ప్రోగ్రాములో ఆ మార్పు రాసే పని హారికకు అప్పజెప్పారు.

ఆ ఆస్పత్రిలో వార్మర్ల కంటే పిల్లలు ఎక్కువ. పిల్లల డాక్టరు ముంతాజ్ గారు పొద్దున్నే ఫోన్ చేసి, ఇద్దరు పసివాళ్ళను ఒకే వార్మర్‌లో సర్దామని, ఎలాగైనా సాయంత్రానికి యంత్రం పంపమని అడిగారు. గేటు దగ్గర వ్యాను సిద్ధంగా నిలబడింది. సరిగ్గా అప్పుడే హారిక కంప్యూటర్‌లో టూల్ మొరాయించింది. మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి ఎక్కించే రూపంలోకి మార్చేది ఆ టూలే. దాని లైసెన్స్ ముందురోజుతో ముగిసింది, కొత్తది ఇంకా రాలేదు. టూల్ తెరవబోతే తెర మీద ఒక పెట్టె వచ్చి, లైసెన్స్ చెల్లదని చెప్పి, దారి మూసేసింది. హారిక టూల్‌ను తీసేసి మళ్ళీ ఎక్కించింది. పక్క కంప్యూటర్‌లోని లైసెన్స్ ఫైలు తెచ్చి పెట్టింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టింది. ప్రతిసారీ అదే పెట్టె, ప్రతిసారీ మొదటి పంక్తి దాటకుండానే దాన్ని మూసేసింది. ఆ పెట్టెలు చివరిదాకా ఎవరు చదువుతారు లెండి, నేనూ చదవను.

చివరికి ఆమెకు ఒక దారి తట్టింది. కంప్యూటర్‌లో తేదీ వారం వెనక్కి పెడితే, లైసెన్స్ ఇంకా ఉందనుకుని టూల్ తెరుచుకుంటుంది. ఎక్కడో చదివిందట. కొత్త లైసెన్స్ ఎలాగూ వస్తుంది, ఇది ఎవరి సొమ్మూ కాజేయడం కాదు, అవతల పసివాళ్ళు ఇరుక్కుని పడుకుని ఉన్నారు. ఇవన్నీ కూర్మారావు గారి ముందు గుక్కతిప్పుకోకుండా చెప్పి, ఆఖరున అడిగింది.

"తేదీ మారిస్తే ఎవరికి నష్టం సార్?"

ఆయన ఇప్పుడు నీతి చెబుతారని నేను పక్క బల్ల దగ్గర చెవులు రిక్కించాను. ఆయన ఏ నీతీ చెప్పలేదు. "మార్చి చూడమ్మా. వ్యాను మాత్రం నేను చెప్పేదాకా కదలకూడదు," అన్నారు.

తేదీ వెనక్కి వెళ్ళింది, టూల్ కిక్కురుమనకుండా తెరుచుకుంది. రాయవలసిన మార్పు హారిక మనసులో ఎప్పుడో సిద్ధంగా ఉంది. గబగబా రాసి, భద్రపరచి, దాన్ని యంత్రానికి ఎక్కే రూపంలోకి మార్చే బిల్డ్ మీట నొక్కింది. పని పూర్తయిందని, తప్పులేమీ లేవని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. ప్రోగ్రామును వార్మర్‌లోకి ఎక్కించి, పరీక్ష కోసం ఉంచుకున్న రబ్బరు బొమ్మ పొట్టకు సెన్సార్ అంటించింది. వేడి ఎంత ఉండాలో అంతే నిలిచింది. ఆమె ముఖం వెలిగిపోయింది. నేను భేష్ అన్నాను కూడా.

కూర్మారావు గారు వచ్చి బొమ్మను పక్కకు తీసి, ఆ చోట తన కొవ్వొత్తిని నిలబెట్టారు. సెన్సార్‌ను పరుపు అంచున వదిలేసి కుర్చీలో కూర్చున్నారు. ఇప్పుడు అలారం మోగాలి. మేమంతా దాని కోసమే చూస్తున్నాం. మోగలేదు. పైనున్న హీటర్ కడ్డీ ఆరిపోవాలి. ఆరకపోగా ఇంకా ఎర్రబడింది. చూస్తుండగానే, అగ్గిపుల్ల ముఖం ఎరగని ఆ కొవ్వొత్తి నడుము దగ్గర మెత్తబడి, మెల్లగా వంగి, పరుపు మీదికి వాలిపోయింది.

మైనం వాలిన చోట ఎవరు పడుకుని ఉండేవారో ఆలోచించకుండా ఉండడం నా వల్ల కాలేదు. కూర్మారావు గారు లేచి స్విచ్ ఆపారు.

"ఎక్కడో ఒకచోట చెడుతుందనుకున్నాను. ఇక్కడ చెడుతుందనుకోలేదు," అన్నారు, తనలో తాను అనుకుంటున్నట్టు.

హారిక పరుగున వెళ్ళి తాను రాసింది తెరిచి చూసింది. ప్రతి పంక్తీ ఉండవలసినట్టే ఉంది. ఎన్నిసార్లు చూసినా తప్పు దొరకలేదు. అప్పుడాయన, వార్మర్‌లోకి ఎక్కించిన ప్రోగ్రాము ఏ తేదీన తయారైందో చూడమన్నారు. చూసింది. అది నిన్నటిది. ఆమె రాసిన మార్పు అందులో లేనే లేదు.

సంగతి మాకు అప్పుడు అర్థమైంది. బిల్డ్ చేసేటప్పుడు ఆ టూల్ అనవసరంగా శ్రమపడదు. పోయినసారి తయారుచేసినదాని కంటే కొత్త తేదీ ఉన్న ఫైళ్ళనే మళ్ళీ ముట్టుకుంటుంది. హారిక ఇప్పుడే రాసిన మార్పు మీద వారం కిందటి తేదీ పడింది. నిన్న తయారైన ప్రోగ్రాము మీద నిన్నటి తేదీ ఉంది. టూల్ దృష్టిలో ఆమె రాసింది ఎప్పటిదో పాత ముచ్చట. అందుకని దాన్ని ముట్టుకోలేదు. ఏ పనీ చెయ్యలేదు గనుక ఏ తప్పూ రాలేదు. ఆ ఆకుపచ్చ అక్షరాలను నమ్మి మేము వ్యాను ఎక్కించబోయింది, పాపను కాల్చబోయిన ఆ పాత వార్మర్‌నే.

డాక్టరు గారికి ఎవరో ఒకరు చెప్పాలి. కూర్మారావు గారు ఫోన్ తీసి హారిక చేతికిచ్చారు. "తేదీ నేనే మార్చాను మేడమ్. ఇది ఇలాగే మీ దగ్గరికి వచ్చి ఉంటే..." అని ఆమె అక్కడే ఆగిపోయింది. ముంతాజ్ గారు, "పంపకముందే చూశారు కదా, ఇంకాసేపు ఇద్దరినీ అలాగే సర్దుతాం," అని పెట్టేశారు. తిట్టి ఉంటే హారిక అంత ఏడ్చేది కాదేమో.

తేదీని మళ్ళీ ఇవాళ్టికి తెచ్చారు. టూల్ మళ్ళీ ఆ పెట్టె చూపించింది. కూర్మారావు గారు కళ్ళజోడు సర్దుకుని, ఆమె చేత దాన్ని పైనుంచి కిందిదాకా పైకి చదివించారు. ఆఖరి పంక్తిలో ఒక ఫోన్ నంబరు ఉంది. కొత్త లైసెన్స్ ఆలస్యమైతే అడగమని, తాత్కాలికంగా ఒకటి ఇస్తామని ఉంది. పొద్దుటి నుంచి అది అక్కడే ఉంది. అడిగితే, మేము భోజనాలు ముగించేలోపే పంపించారు. పొద్దున్నే అడిగి ఉంటే ఈపాటికి వ్యాను సగం దూరం పోయి ఉండేదని మాలో ఎవరమూ పైకి అనలేదు.

హారిక నిన్న తయారైన పాతవన్నీ చెరిపేసి, మొదటి నుంచి మళ్ళీ బిల్డ్ చేసింది. ఈసారి ఆకుపచ్చ అక్షరాల వైపు చూడనైనా చూడలేదు. కొత్త కొవ్వొత్తి తనే తెచ్చి నిలబెట్టి, సెన్సార్ తనే ఊడదీసింది. అలారం ఎంత గట్టిగా మోగిందంటే గేటు దగ్గరి వ్యాను డ్రైవరు లోపలికి పరిగెత్తుకొచ్చాడు. కడ్డీ నల్లబడింది. కొవ్వొత్తి నిటారుగా నిలబడే ఉంది.

వ్యాను వెళ్ళిపోయాక హారిక వంగిపోయిన మొదటి కొవ్వొత్తిని చేతిలోకి తీసుకుంది. దాన్ని పారెయ్యబుద్ధి కాలేదు కాబోలు, తన కంప్యూటర్ పక్కన పెట్టుకుంది. లోపల ఇంకా ఒక ఉక్రోషం మిగిలినట్టుంది, ఇంటికి బయలుదేరుతున్న కూర్మారావు గారిని ఆపి అడిగింది.

"ఏమీ చెయ్యకుండానే పని పూర్తయిందని అది నాతో ఎందుకు అబద్ధం చెప్పింది సార్?"

ఆయన గుమ్మంలో ఆగి, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ అన్నారు.

"అది అబద్ధం చెప్పలేదమ్మా. నువ్వు చెప్పింది నమ్మింది."