గూట్లో పరుచుకోవడానికి మూడు పుస్తకాలు

జెట్టి దగ్గర మూడు వందల ఇరవై వేరుశనగ కాయలున్నాయి. అందులో రెండు వందలు వానాకాలం తిండికి. తొర్రలోంచి తల బయటపెట్టలేని రోజులు వస్తాయి కాబట్టి వాటిని ముట్టుకోకూడదు. మిగిలిన నూట ఇరవైతో కంప్యూటర్ సైన్స్ ఎంట్రన్స్‌కి పుస్తకాలు కొనాలి.

జెట్టి ఉడుత. పేరుకి జెట్టి గాని, తూకానికి తోటకూర కట్టంత కూడా ఉండడు. లెక్కల్లో మాత్రం గట్టివాడు. పూత చూసి ఆ కొమ్మకి ఎన్ని కాయలు దిగుతాయో చెప్పేసేవాడు. కొండమీది కళాశాలలో జంతువులకు కంప్యూటర్ సైన్స్ చెబుతారు. సీట్లు ముప్పై. ఈసారి సీటు రాకపోతే చింతగింజలు ఏరే గుంపులో చేరిపోతానని మేనమామకి మాటిచ్చేశాడు. ఆ గుంపులో చేరినవాళ్ళకి ముసలితనం దాకా చింతగింజలే.

కాబట్టి పుస్తకాలు సరైనవి కొనాలి. ఏవి సరైనవో తెలిసినవాళ్ళని అడిగితే సరిపోతుందనుకున్నాడు. అక్కడ మొదలైంది చిరాకు.

మొదట కోతిని అడిగాడు. కోతి పోయినేడు పరీక్ష రాసింది.

"అన్నా, ఆల్గారిథమ్స్‌కి ఏ పుస్తకం చదవాలి?"

"లావుది."

"లావుదంటే?"

"తలకింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావుది. అది లేకుండా ఆల్గారిథమ్స్ జోలికే పోకురా జెట్టీ."

"నువ్వు చదివావా?"

"చదవడమేంట్రా, నా దగ్గర ఉండేది."

నెమలిని అడిగాడు. నెమలి ఈ ఏడే మొదటిసారి రాస్తోంది.

"ఆరు పుస్తకాల సెట్టు కొన్నాన్రా అబ్బాయ్. అంచులకి బంగారు రంగు. వరసగా పెడితే గది గదంతా వెలుగే."

"అందులో లెక్కలు బాగుంటాయా, బాబాయ్?"

"ఏ లెక్కలు?" అంది నెమలి.

దారిలో పోలన్న కనిపించాడు. పోలన్న ఎద్దు. నక్క కొట్టుకి పుస్తకాల బండి లాగుతాడు. అతను కూడా ఒకప్పుడు ఈ పరీక్ష రాసినవాడే. బండి ఆపి నెమరేస్తున్నాడు.

"పోలన్నా, ఏ పుస్తకం చదవమంటావ్?"

పోలన్న దవడ కుడివైపు తిప్పాడు. ఎడమవైపు తిప్పాడు. కళ్ళు సగం మూశాడు. జెట్టి ఒక కాలి మీద నిలబడ్డాడు, రెండో కాలి మీదికి మారాడు, తోక విదిలించాడు. పోలన్న దవడ ఇంకా తిరుగుతూనే ఉంది.

"సరేలే అన్నా, తొందరేం లేదు," అని పళ్ళు నూరుకుంటూ పరిగెత్తాడు.

నక్క పాత పుస్తకాల కొట్టు కానుగచెట్టు కింద ఉంది. ముందర పెద్ద బోర్డు. "పరీక్ష అయ్యాక తెచ్చిన పుస్తకం మరక లేకుండా ఉంటే సగం ధర వాపసు. మడత ఉంటే పావు. గీత గాని మరక గాని పడితే సున్నా." అడవిలో అందరికీ ఈ బోర్డు కంఠతా వచ్చు. సగం ధర పోతుందేమోనన్న భయంతో పుస్తకం కొనగానే టేకాకు అట్ట వేసి, తడి తగలని చోట దాచేవాళ్ళు. పరీక్ష అయ్యాక దాచినది దాచినట్టే తెచ్చి నక్కకిచ్చేవాళ్ళు.

"రావోయ్ బామ్మర్దీ," అంది నక్క. "నీ మొహం చూస్తేనే సీటు కనిపిస్తోంది. ఇదిగో సెట్టు. ఆరు పుస్తకాలు, మూడు వందల కాయలు. పోయినేడు ఈ సెట్టు చదివినవాళ్ళలో నలభై మందికి సీట్లొచ్చాయి."

"సీట్లే ముప్పై కదా, బావా?"

నక్క రెప్ప కూడా ఆర్పలేదు. "మిగతా పదిమందివీ వస్తూ ఉన్నాయి."

జెట్టి ఒక పుస్తకం తెరిచి చివరి పేజీ నంబరు చూశాడు. తొమ్మిది వందలు. ఆరు పుస్తకాలకి అయిదు వేల నాలుగు వందలు. రోజుకి ముప్పై పేజీలు మింగినా ఆర్నెల్లు పడుతుంది. పరీక్ష మూడు నెలల్లో ఉంది.

"ఇన్ని పేజీలు ఎవరు చదువుతారు, బావా?"

"చదవమని ఎవడన్నాడు? కొనమన్నాను. దగ్గరుంటే ధైర్యం కదా."

"నా దగ్గర అన్ని కాయల్లేవు."

"వానాకాలానికి దాచినవి ఉంటాయిగా. చదువుకునేవాడికి ఆకలేంటి బామ్మర్దీ. పైగా సగం వెనక్కొస్తుంది."

జెట్టి సెట్టు వైపు చూశాడు. పుస్తకాలు పడుకోబెట్టి ఉన్నాయి. పేజీల అంచులు పక్కనుంచి కనిపిస్తున్నాయి. మొదటి అధ్యాయం ఉన్నచోట గోరుమందం మేర మాసి ఉంది. అక్కణ్ణుంచి చివరిదాకా పాలలా తెలుపు. ఆరింటికీ అంతే. లోపలి అట్ట మీద పాత యజమానుల పేర్లు వరసగా ఉన్నాయి. తొమ్మిది మంది. ఆ చివరి పేరు కోతిది.

తొమ్మిది మంది కొన్నారు. తొమ్మిది మందీ మొదటి అధ్యాయం దగ్గరే అట్ట మూశారు. నక్క మూడు వందలకి అమ్మి, నూట యాభైకి వెనక్కి తీసుకుని, మళ్ళీ మూడు వందలకి అమ్ముతోంది.

కొట్టు మూల ఒక గోనెసంచి పడి ఉంది. అందులో అట్టలూడిన పుస్తకాలు. గీతలు పడ్డవి, మరకలు పడ్డవి, నక్క సున్నా కట్టినవి. శనగల పొట్లాలకని పందికొక్కు అప్పుడప్పుడూ వచ్చి కొనుక్కుపోతుంది. దూరంనుంచే చూశాడు జెట్టి. కొన్నిటి అంచులు ఈ కొసనుంచి ఆ కొసదాకా నల్లగా ఉన్నాయి.

ఎవరో చివరిదాకా చదివిన పుస్తకాలవి, తనకి కావలసినవి అవే. ముఖంలో మాత్రం కనపడనివ్వలేదు. అడిగితే నక్క ధర పెంచుతుంది. అడక్కపోతే పొట్లాలైపోతాయి.

"పుస్తకాల సంగతి తర్వాత చూద్దాంలే, బావా," అన్నాడు నీరసంగా. "ముందు గూడు సంగతి చూసుకోవాలి. వానలొస్తే తొర్రంతా చెమ్మే. కింద పరుచుకోవడానికి ఏదైనా కాగితం ఉందా?"

"ఆ సంచీలోది తీసుకో. పుస్తకానికి పన్నెండు కాయలు."

"గరుకుది వద్దు బావా, నా చర్మం పల్చన. చేతులు బాగా పడి నలిగి నలిగి మెత్తబడ్డ కాగితమైతే హాయిగా ఉంటుంది."

"ఓస్, అదెంత పని," అంది నక్క. సంచీ బోర్లించింది. ఒక్కో పుస్తకం తీసి పేజీలు వేళ్ళతో నలిపి చూసింది. "ఇది పెళపెళలాడుతోంది, వద్దు. ఇది కూడా కొత్తదానిలాగే ఉంది. ఆఁ, ఇది చూడు, దూదే." పుస్తకాన్ని బుగ్గకి ఆనించుకుంది. "ఏ వెర్రివాడో నమిలి పారేసినట్టున్నాడు. ఇదిగో ఇంకోటి. ఇది పట్టులా ఉంది. నీకోసం వెతికి వెతికి ఇస్తున్నాను, గుర్తుంచుకో."

అలా అడవి మొత్తంలో ఎక్కువసార్లు చదివిన మూడు పుస్తకాలు నక్కే స్వయంగా ఏరి ఇచ్చింది. ముప్పై ఆరు కాయలు తీసుకుంది. జెట్టి తోక కనుమరుగయ్యేదాకా నవ్వాపుకుని, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది.

మర్నాడు పొద్దున్నే జెట్టి కొమ్మ మీద కూర్చుని చదువుతుంటే పై కొమ్మనుంచి కోతి తొంగిచూసింది.

"అదేంట్రా, పొట్లాల కాగితం చదువుతున్నావ్?"

"నువ్వే చూడన్నా."

కోతి దిగివచ్చి చూసింది. ప్రతి లెక్క పక్కనా ఎవరో చేసిన జవాబు. తప్పు చేసినచోట కొట్టివేత, దాని పక్కన సరైన దారి. ఒకచోట "ఇక్కడ ఒకటి ఎక్కువ లెక్కపెడతావు, జాగ్రత్త" అని రాసి ఉంది. కోతి తల గోక్కుంది. పోయినేడు పరీక్షలో అది సరిగ్గా అక్కడే ఒకటి ఎక్కువ లెక్కపెట్టింది.

కోతికి తెలిసిందంటే అడవికంతా తెలిసినట్టే. మధ్యాహ్నానికల్లా నక్క కొట్టు ముందు గుంపు. అందరికీ నలిగిన పుస్తకాలే కావాలి. ముందుగా వచ్చింది నెమలి.

"బంగారు అంచులవి వెనక్కి తీసుకుని, మెత్తటివి ఇవ్వు."

నక్కకి విషయం అర్థమైంది. నవ్విన నవ్వంతా గొంతులో అడ్డుపడింది. కాని వ్యాపారి కదా, వెంటనే తేరుకుంది.

"ఉన్నాయి ఉన్నాయి. లోపల బోలెడున్నాయి. కాస్త ఆగండి."

కొట్టు వెనక్కి వెళ్ళింది. వాగు పక్కన బురద ఉంది. ఉన్న సెట్లన్నీ తెచ్చి అంచులకి బురద పూసింది. మీద కూర్చుని నలిపింది. తోకతో అద్దింది. మొదటి పుస్తకంనుంచి చివరి పుస్తకం దాకా ఏదీ వదల్లేదు. తడి ఆరకముందే మోసుకొచ్చి గుంపు ముందు పడేసింది.

"ఇదిగో, వంద మంది చదివినవి. నాలుగు వందలు."

నెమలి అప్పటికే కాయల మూట విప్పుతోంది. ఇంతలో జెట్టి కొమ్మ దిగి వచ్చాడు.

"ఆగు బాబాయ్. బావా, ఒకదాన్ని మధ్యలో తెరిచి నేలమీద పెట్టు."

"ఎందుకు?"

"పెట్టరాదూ."

నక్క పెట్టింది. చెయ్యి తీయగానే పుస్తకం దానంతటది టప్పున మూసుకుంది. జెట్టి తన పుస్తకం తెరిచి పక్కన పెట్టాడు. అది చాపలా పరుచుకుని అలాగే ఉండిపోయింది.

"చదివిన పుస్తకం తెరిస్తే పడుకుంటుంది," అన్నాడు జెట్టి. "చదవనిది ఇంకా నిద్రలేవలేదు."

గుంపులో నవ్వులు. నక్క గొంతు సవరించుకుంది. "సరే సరే, వేళాకోళానికి చేశాను. పాత ధరకే తీసుకోండి. మూడు వందలు."

"మూడు వందలా?" కోతి బోర్డు వైపు వేలు చూపించింది. "ఏమని రాశావ్ మావా అక్కడ? చదివి వినిపించు."

గుంపంతా కలిసి చదివింది. "గీత గాని మరక గాని పడితే సున్నా."

"అది మీరు తెచ్చే పుస్తకాలకి," అంది నక్క.

"మా పుస్తకానికి మరక పడితే సున్నా, నీ దానికి పడితే మూడు వందలా? ఏ లెక్కలో నేర్చుకున్నావ్ మావా?"

నెమలి కాయల మూట మళ్ళీ గట్టిగా ముడేసుకుంది. ఒక్కరొక్కరే కదిలారు. బోర్డు మీది మాటలు తుడిచేద్దామని నక్క తోక ఎత్తింది. తోకనిండా బురదే. తుడిచినకొద్దీ అక్షరాలు ఇంకా నల్లగా తేలాయి.

ఈ గోలలో పోలన్న బండి వచ్చి ఆగడం ఎవరూ చూడలేదు. దవడ ఆడిస్తూ నేలమీద పరిచి ఉన్న జెట్టి పుస్తకం వైపు చూశాడు.

"తమ్ముడూ, నిన్న నువ్వు అడిగినదానికి జవాబు ఆలోచించాను."

"ఇప్పుడా అన్నా?"

"అదిగో అదే. నాదే అది. నాలుగేళ్ళు చదివాను."

జెట్టి ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అయితే ముప్పై సీట్లలో నీకెన్నోదొచ్చింది?"

"రాలేదు."

జెట్టి రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు. లావుది ఉన్నవాడికి రాలేదు. ఇప్పుడు చదివినవాడికీ రాలేదంటున్నాడు. చింతగింజల వాసన ముక్కుకి తగిలింది. "రానప్పుడు ఇదొక జవాబా అన్నా? పొద్దుటినుంచి నేను దీన్ని గుండెలకి హత్తుకుని కూర్చున్నాను."

"విను. అంచు చూశావా సరిగ్గా?"

జెట్టి పుస్తకం మూసి అంచు చూశాడు. మొదటినుంచీ నలుపే. కాని చివర, బొటనవేలు మందం మేర, తెలుపు. అట్ట ఊడి చిట్టచివరి పేజీలు మాసి ఉన్నాయి గనక సంచీ దగ్గర కళ్ళు మోసపోయాయి.

"గ్రాఫుల అధ్యాయం అది," అన్నాడు పోలన్న. "కష్టంగా ఉండేది. అక్కడిదాకా వచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళేవాణ్ణి. మేం నెమరేసే జాతి కదా, తిన్నదే మళ్ళీ తింటే హాయి. కోతి ఒక్క పేజీ తిప్పలేదు, నేను ఒక్క పేజీ దాటలేదు. పరీక్షలో సగం ప్రశ్నలు ఆ తెల్లటి చోటునుంచే వచ్చాయి. నాలుగేళ్ళూ."

"ఈ మాట నిన్ననే చెప్పొచ్చు కదా అన్నా."

"నమలాలి కదా," అన్నాడు పోలన్న. బండి లాక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఏ పుస్తకం మంచిదని పదిమందిని అడిగేకంటే, చదివినవాడు ఎక్కడ ఆగాడో ఒక్కణ్ణి అడగడం మేలు.

జెట్టి కొమ్మెక్కి కూర్చున్నాడు. పుస్తకం తిరగేసి తెల్లటి చోట తెరిచాడు. పేజీలు పెళపెళలాడాయి. మొదటి లెక్కలో ఏడు చెట్లు, వాటి మధ్య కొమ్మలు, కొమ్మ కొమ్మకీ దూరం. మొదటి చెట్టునుంచి ప్రతి చెట్టుకీ అతి దగ్గర దారి కనుక్కోవాలి. నేలమీద నడిచే ఎద్దుకి ఇది కష్టమనిపించడంలో ఆశ్చర్యమేముంది, చెట్టునుంచి చెట్టుకి దూకేవాడికైతే రోజూ చేసే పనే. పెన్సిల్ కొస నాలుకకి అద్దుకుని, బయల్దేరే చోటికి దూరమేముంటుందని మొదటి చెట్టు పక్కన సున్నా వేయడానికి కాగితం మీద ఆనించాడు.