ఒక్కరోజు పేట పెద్ద

ఒకానొక రాజ్యంలో కోటగోడకు లోపలివైపు రాజుగారు ఉండేవారు, వెలుపలివైపు పేట ఉండేది. రాజ్యం పేరు కొలనుపురి. రాజుగారి పేరు జయకేసరి. ఆయన చెడ్డవారు కాదు గాని, తనకు తెలియని సంగతి ఇంకొకరికి తెలిసి ఉంటుందన్న అనుమానం ఆయనకు ఏనాడూ రాలేదు. సభలో ఎవరు ఏ పని గురించి విన్నవించినా, అదెంత, మేమైతే ఎడమచేత్తో చేసేస్తాం అనేవారు. సభ తల ఊపేది.

పేటలో నలభై చిన్న అంగళ్ళు. అట్లు పోసేవాళ్ళు, బట్టలకు రంగులద్దేవాళ్ళు, కుమ్మరులు, పూలవాళ్ళు, గంపలల్లేవాళ్ళు. వీళ్ళందరికీ కలిపి ఒక సంఘం. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, వీధి ఏ రోజు ఎవరు ఊడ్చాలి, కొత్తగా వచ్చినవాడికి చోటు ఎక్కడ ఇవ్వాలి, అన్నీ ఆ సంఘమే చూసుకునేది. దానికి పెద్ద ఉప్పు అమ్మే తిప్పమ్మ. యాభై దాటిన మనిషి. పదకొండేళ్ళుగా ఆ బాధ్యత మోస్తోంది. అందుకు జీతం లేదు, బిరుదు లేదు. తెల్లవారకముందే తలుపు తట్టేవాళ్ళు మాత్రం రోజూ ఉండేవారు.

ఆ ఏడు ఎండలకు కోటలోని పెద్దబావి అడుగంటింది. గజశాలలోని ఏడు ఏనుగులనూ వాగుకు తోలుకుపోవడం మొదలుపెట్టారు. వాగుకు దగ్గరి దారి సంతవీధి. గురువారం సంత కిటకిటలాడుతున్న మిట్టమధ్యాహ్నం అవి ఆ వీధిలోంచి నడిచేవి. రెండు గురువారాల్లో కుమ్మరి బొల్లయ్య కుండలు బండెడు పెంకులయ్యాయి. ఒక ఏనుగు పూలంగడి ముందు తీరికగా నిలబడి, కట్టిన దండలన్నీ తినేసి పోయింది.

ఉత్తర ద్వారం నుంచి చుట్టూ తిప్పితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఆ మాట చెప్పడానికి తిప్పమ్మ కోటకు వెళ్ళింది. ద్వారం దగ్గర రెండు జాములు నిలబెట్టి, ఆ తరువాత లోపలికి పంపారు.

రాజుగారు అంతా విని, నీవెవరు అని అడిగారు. పేట సంఘం పెద్దనని చెప్పిందామె.

"నలభై గంపలకు ఒక పెద్దవా?" అన్నారు రాజుగారు. "మేము మూడువందల ఊళ్ళు ఏలుతున్నాం. నీవు వచ్చి మా ఏనుగులకు దారి చూపిస్తావా?"

సభంతా నవ్వింది. ఆ నవ్వుతో రాజుగారికి ఉత్సాహం హెచ్చింది. అసలు పేటకు సంఘమెందుకు, రేపటినుంచి ఒక అధికారిని వేస్తాం, ఎవరు ఎక్కడ కూర్చోవాలో అతనే చెబుతాడు అన్నారు.

అధికారి వస్తే మంచి చోట్లన్నీ అతని చుట్టాలకు పోతాయని తిప్పమ్మకు తెలుసు. పూలవాడు మాచయ్యకు చూపు సరిగా ఆనదు. అలవాటైన మూల నుంచి లేపితే ఇక అంగడి పెట్టలేడు. దారిలో వచ్చేటప్పుడు అనుకున్న మాటలన్నీ పక్కనపెట్టి ఆమె వేరే మనవి చేసుకుంది.

సంఘం అక్కరలేదని ఏలినవారు అంటే కాదనే ధైర్యం తమకు లేదనీ, ఒక్కరోజు వారే పెద్దగా కూర్చుని ఆ పని ఎంత తేలికో చూపిస్తే పేటవాళ్ళు మారుమాటాడకుండా అధికారికి దండం పెడతారనీ చెప్పింది. రాజుగారు ఎడమచేయి ఎత్తి చూపించారు.

"అయితే పద్ధతి కూడా విన్నవించాలి, ప్రభూ. పేట పెద్దకు భటులుండరు. ఆజ్ఞలుండవు, శిక్షలుండవు. తగువు పడినవాళ్ళందరూ సరే అంటేనే తీర్పు."

"అలాగే. ఆ రోజు పేటలో మేము రాజుగా ఒక్క ఆజ్ఞ ఇవ్వం. ఇది సభలో ఇచ్చిన మాట," అన్నారు రాజుగారు.

ఏ రోజు అని అడిగితే, గురువారమైతే పనంతా కనబడుతుందని చెప్పి తిప్పమ్మ సెలవు తీసుకుంది.

సంగతి విని పేట భగ్గుమంది. దారి అడగడానికి వెళ్ళి సంఘాన్నే పోగొట్టుకొచ్చావని బొల్లయ్య ముఖం మీదే అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేమీ తిప్పమ్మకు కనబడలేదు. గురువారం వరకు ఆమెకు అన్నం సయించలేదు.

చెప్పిన రోజున రాజుగారు వచ్చి, సంఘం చాప మీద కూర్చున్నారు. మొదటి తగువు అట్లు పోసే కామక్కకూ, రంగులద్దే సిద్ధప్పకూ మధ్య. కామక్క పొయ్యి పొగ తన బట్టల మీద పడుతోందని సిద్ధప్ప ఫిర్యాదు.

రాజుగారు క్షణంలో తేల్చేశారు. పొయ్యి తూర్పుకు జరపమన్నారు. కామక్క సరే అంది. తూర్పున ఉన్న మాచయ్య పొగకు పూలు వాడిపోతాయన్నాడు. మాచయ్యను గంపల వరుసకు పొమ్మన్నారు. నాలుగు అడుగులేగా అని నచ్చజెప్పి చేయి పట్టుకుని తామే నడిపించారు. గంపలవాళ్ళు తమకు నీడ పోయిందన్నారు. వాళ్ళను చింతచెట్టు కిందికి పంపితే అక్కడి గాజులవాడు అలిగాడు. ఇలా ఒకరి వెనుక ఒకరిని జరుపుతూ, బతిమాలుతూ, మధ్యాహ్నానికి తొమ్మిదిమంది చేత సరే అనిపించారు. చివరికి గాజులవాడికి మిగిలిన చోటు ఒక్కటే, సిద్ధప్ప బట్టలారేసే చోటు. సిద్ధప్ప ససేమిరా అన్నాడు.

రాజుగారి నుదుటిన చెమట పట్టింది. నోటిదాకా వచ్చిన ఆజ్ఞను దిగమింగుకున్నారు. సరిగ్గా అప్పుడే వీధి చివర గంటలు వినిపించాయి.

ఏడు ఏనుగులూ వరుసగా వస్తున్నాయి. జనం పిల్లలను ఎత్తుకుని అరుగులెక్కారు. బొల్లయ్య రెండు కుండలు చంకన పెట్టుకుని మిగతావి దేవుడికి వదిలేశాడు. ముందున్న మావటి చాప మీద ఉన్నదెవరో గుర్తుపట్టి, కిందికి దూకి సాష్టాంగపడ్డాడు. రాజుగారు ఆవేశంగా లేచి చేయెత్తారు.

"ప్రభూ," అంది తిప్పమ్మ మెల్లగా. "మావటి రాజాజ్ఞే వింటాడు. పేట పెద్ద మాట వినడు."

ఎత్తిన చేయి దిగింది. ఏనుగులు దాటిపోయాయి. బొల్లయ్య పెంకుల మధ్య నిలబడి, పేట పెద్దకు దండం పెట్టినట్టే రాజుగారికీ చేతులు జోడించాడు.

"పెద్దగారూ, ఇది మూడోసారి. మా తరఫున మీరే వెళ్ళి రాజుగారికి చెప్పాలి."

రాజుగారు తిప్పమ్మ వైపు తిరిగారు. "మేమే వెళ్ళి మాకే మొరపెట్టుకోవాలా?"

"పద్ధతి అదే, ప్రభూ. ద్వారం దగ్గర రెండు జాములు నిలబడాలి. లోపలికి వెళ్ళాక నలభై గంపలకు పెద్దవా అని అడుగుతారు. దానికి ఏం జవాబు చెప్పాలో నాకు తెలియక తిరిగొచ్చాను. ఏలినవారికి తోస్తుందేమో."

రాజుగారు పెంకులను చూశారు, సగం జరిపిన అంగళ్ళను చూశారు, దుమ్ముకొట్టుకుపోయిన తన చేతులను చూసుకున్నారు. ఆ తరువాత సిద్ధప్ప తగువు నువ్వయితే ఎలా తీర్చేదానివని అడిగారు. ఆ అడగడంలో మొదటిసారిగా తెలుసుకోవాలన్న కోరిక వినిపించింది.

"పొగ మూడేళ్ళుగా ఉంది, ప్రభూ. తగువు మూడు రోజులుగానే ఉంది," అంది తిప్పమ్మ.

కామక్క మనవరాలి బారసాల మూడు రోజుల క్రితమే జరిగింది. వరుసలో అందరికీ పిలుపు అందింది, సిద్ధప్పకు తప్ప. చెప్పి రమ్మని కామక్క తన మరిదిని పంపితే, ఆ మహానుభావుడు దారిలో కల్లు దుకాణం దగ్గర ఆగిపోయాడు. ఈ సంగతి తిప్పమ్మ ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టి చెప్పింది. కామక్క నొచ్చుకుని, వెంటనే రెండు అట్లు వేసి ఆకులో పెట్టి సిద్ధప్ప చేతికిచ్చింది. తీసుకోనంటూనే తీసుకున్నాడతను. పొగ సంగతి మళ్ళీ ఎత్తలేదు. జరిగినవాళ్ళంతా ఎవరి చోటికి వాళ్ళు తిరిగి వెళ్ళారు.

రాజుగారికి నవ్వు ఆగలేదు. చాప మీదే కూలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఎవరూ తల ఊపనక్కరలేని నవ్వు అది. కోటకు వెళ్ళగానే ఏనుగులను ఉత్తర ద్వారం నుంచి నడపమని ఆజ్ఞ ఇచ్చారు. అధికారి ఊసు మళ్ళీ రాలేదు. బొల్లయ్యకు పగిలిన కుండలకు సరిపడా వెల వచ్చింది. తిప్పమ్మకు పట్టుచీర, చేతికి బంగారు కడియం పంపారు. వాటితో పాటు, ఇక నుంచి వారానికొకసారి ఆస్థానంలో ఆసనం వేస్తాం, సభ గురువారం, వచ్చి సలహా చెప్పాలి అని కబురు కూడా వచ్చింది.

తిప్పమ్మ చీర అందుకుని కళ్ళకద్దుకుంది. కబురు తెచ్చినవాడితో, తప్పక వస్తాను గాని గురువారం సంత, నాకు పని ఉంటుంది అని చెప్పమంది.

కొలనుపురి సభ ఆ మరుసటి వారం నుంచి శుక్రవారానికి మారింది.