వానపాము మెడలో గోగునార ముడి

ఒకప్పుడు వానపాము ఒంటిమీద ఏ పట్టీ ఉండేది కాదు. మూతి నుంచి తోకదాకా అంతా ఒకే నునుపు. తల ఎటో, తోక ఎటో కన్నతల్లికి కూడా తెలిసేది కాదు. అప్పట్లో అది నేలలోకి వెళ్ళేదీ కాదు. రాలిన ఆకుల కింద, నీడపట్టున, పైపైనే పాకుతూ బతికేది. వాన వచ్చిందంటే భయపడి దాక్కునేది. అందుకని దాన్ని ఎవరూ వానపాము అనేవాళ్ళు కాదు. ఎర్రగా ఉంటుందని ఎర్రపురుగు అనేవాళ్ళు, అంతే.

ఆ రోజుల్లో ఒక కొండ కింది ఊళ్ళో సింహాలమ్మ అనే ముసలావిడ ఉండేది. పేరులో సింహం ఉందన్నమాటే గాని, ఆవిడ అరిస్తే పెరట్లో పిచ్చుక కూడా ఎగిరేది కాదు.

ఆవిడ పెరడంతా గోగు మొక్కలే. మనం గోంగూర పచ్చడి చేసుకుంటామే, ఆ మొక్కన్నమాట. ఆకు కూరకి, కాడ నారకి. ఏపుగా పెరిగిన కాడల్ని కోసి, కొండ మీంచి వచ్చే గెడ్డ నీళ్ళలో నానేసి, మెత్తబడ్డాక నార ఒలిచి తాళ్ళు పేనేది. ఊళ్ళో ఆవు మెడలో పలుపు, బావిలో చేంతాడు, మంచానికి నులక, ధాన్యం పోసే గోనెసంచి, అన్నీ సింహాలమ్మ గోగునారవే.

ఆ గోగు గింజలు ఆవిడకి వాళ్ళమ్మ ఇచ్చింది. కొత్తకోడలిగా కొండ దిగి వస్తుంటే కొంగున మూటగట్టి ఇచ్చింది.

"పిల్లా, ఏటేటా చల్లుకో, ఏటేటా కాసిన్ని దాచుకో. ఇవి పోయాయంటే మళ్ళీ ఎక్కడా దొరకవు" అని చెప్పింది.

నిజమే మరి. అప్పట్లో గోగు ఆ ఒక్క పెరట్లోనే ఉండేది.

ముసలితనం వచ్చాక సింహాలమ్మకి ఒకటే దిగులు పట్టుకుంది. మతిమరుపు. పొయ్యి మీద ఎసరు పెట్టి, ఎందుకు పెట్టిందో మర్చిపోయేది. కత్తిపీట చేతిలో పట్టుకుని కత్తిపీట కోసం ఇల్లంతా వెతికేది.

ఏదైనా మర్చిపోకూడదంటే కొంగుకి ముడి వేసుకుంటారు కదా! ఆవిడా అదే చేసింది. పెరుగు తోడుపెట్టాలని ఒక ముడి. ఆవుని నీడకి మార్చి కట్టాలని ఒక ముడి. ఉప్పు అయిపోయిందని ఇంకో ముడి. వెయ్యడం గుర్తుండేది గాని, పని అయ్యాక విప్పడం గుర్తుండేది కాదు. అందుకని ఒకే పాలకి రెండుసార్లు తోడుపెట్టేది. ఆ పెరుగు నోట్లో పెట్టుకుంటే చెవుల్లోంచి పొగ వచ్చేది.

పక్కింటి అచ్చియ్యమ్మ గోడ మీంచి తొంగిచూసి నవ్వేది.

"ఓలొదినా! అది కొంగా, చేపల వలా? గెడ్డలో వేస్తే కూరకి చేపలు పడతాయే!"

"పడితే నీకే ముందు పెడతానులేవే" అనేది సింహాలమ్మ. పైకి నవ్వేది. లోపల మాత్రం బెంగే. ఈ ముళ్ళు కూడా చాలని రోజు వస్తే ఏం చెయ్యాలి?

ఆవిడకి ఒక నేస్తం ఉండేవాడు. పెరటి మూల చెత్తకుప్ప దగ్గర ఉండే ఎర్రపురుగు. ఒకరోజు అచ్చియ్యమ్మగారి కోడిపుంజు వాణ్ణి తరుముతుంటే సింహాలమ్మ తడి గోనెసంచి కప్పి కాపాడింది. అప్పటినుంచి వాడా గోనె కిందే కాపురం. ఆవిడ రోజూ అరటితొక్కలు, ఆనపకాయ చెక్కులు, రాలిన గోగాకు, ఎండిన పేడ తెచ్చి గోనె కింద పెట్టేది. పైన కాసిన్ని నీళ్ళు చిలకరించేది. ఎర్రోడు అవన్నీ తిని, నల్లటి మెత్తటి పొడి చేసి ఉంచేవాడు. చేత్తో పట్టుకుంటే కొత్తవాన వాసన వేసేది.

పుంజు మాత్రం ఆశ వదులుకోలేదు. గోనె చుట్టూ తిరుగుతూ, "ఒరే ఎర్రోడా! లోపల ఉక్కగా లేదూ? ఒక్కసారి బయటికి రా, కబుర్లు చెప్పుకుందాం" అని పిలిచేది.

"నీ కబుర్లు నీ పొట్టకే చెప్పుకో బావా" అనేవాడు ఎర్రోడు, కదలకుండా.

ఎర్రోడికి కళ్ళు లేవు, చెవులు లేవు. అన్నీ వాడికి పొట్టే. నేలమీద ఎవరు నడిచినా, ఏది పడినా, ఆ అదురు వాడి పొట్టకి తెలిసేది. ఒకసారి తెలిసింది మర్చిపోయేవాడు కాదు.

"ఒరే నాయనా, నా కొడవలి ఎక్కడ పెట్టానురా?"

"నిన్న కుండల పక్కన టంగుమంది మామ్మా. అక్కడ చూడు."

"నా చెంబు?"

"నీ చంకలోనే ఉంది. నేలమీద దించిన చప్పుడే కాలేదుగా!"

ఇలా రోజులు గడిచిపోతున్నాయి. ఇంతలో ఎండాకాలం చివరికొచ్చింది. కొండ మీదికి నల్లటి మబ్బు వచ్చి కూర్చుంది.

"సింహాలమ్మా, గోగు చల్లావా? నువ్వు చల్లితే నేను కురుస్తాను" అంది మబ్బు.

సింహాలమ్మ గబగబా కొంగు తడుముకుంది. చివర పెద్ద ముడి. ముడి మీద ముడి. "ఇదే, ఇదే గింజల ముడి!" అంది సంబరంగా. అంతలోనే ఆవిడ ముఖం పాలిపోయింది.

గింజలు ఎప్పుడూ ఎండిన ఆనపబుర్రలో పోసి అటక మీద పెట్టేది. ఆ ఏడు అటక మీద ఎలుకలు చేరాయని బుర్రని తీసి వేరేచోట దాచింది. దాచానని ముడి వేసుకుంది. ముడి గుర్తుంది. చోటు గుర్తులేదు.

అటక వెతికింది. గాదె వెతికింది. గడ్డివాములో చెయ్యి పెట్టి దేవింది. అచ్చియ్యమ్మ కూడా గోడ దిగి వచ్చి మంచాల కింద, పొయ్యి వెనక వెతికింది. ఎక్కడా లేదు.

"పోనిద్దూ వదినా! ఈ ఏటికి చిక్కుళ్ళు వేసుకో" అంది అచ్చియ్యమ్మ.

సింహాలమ్మ గడప మీద కూలబడిపోయింది. "అది మా అమ్మ ఇచ్చిన గింజే! నా బుర్రలోంచి ఏం పోయినా ఓర్చుకున్నాను. ఇది పోతే లోకంలోంచే పోతుందే!" అని ఏడ్చింది. ఈసారి అచ్చియ్యమ్మ నవ్వలేదు. పక్కన కూర్చుని ఆవిడ వీపు నిమిరింది.

మబ్బు కొండ మీద ఇటూ అటూ కదిలింది. "సాయంత్రం దాకా ఆగుతాను. ఆ తర్వాత గాలి నన్ను అవతలికి తోసేస్తుంది. ఆపైన నన్ననుకోకండి" అంది.

అప్పుడు గోనె కిందనుంచి సన్నటి గొంతు వినిపించింది.

"మామ్మా! ఎండలు ముదిరిన రోజున పెరట్లో నేల అదిరింది. అది గునపం అదురు. నువ్వు గొయ్యి తవ్వావు."

సింహాలమ్మ కళ్ళు తుడుచుకుంది. "తవ్వానా? అయితే పాతిపెట్టానన్నమాట! ఎక్కడ తవ్వానురా, నా బాబే?"

"అదే తెలీదు మామ్మా. ఆ రోజు ఎండకి నేనూ సొమ్మసిల్లి ఉన్నాను."

పెరడేమో పెద్దది. నేలేమో రాయిలా బిగుసుకుపోయి ఉంది. అచ్చియ్యమ్మ గునపం ఎత్తి ఒక్క పోటు పొడిస్తే అది ఖణేల్మని ఎగిరి పడింది. పోనీ ఊళ్ళోవాళ్ళందరినీ పిలిచి తవ్విస్తే? గునపం తగిలి బుర్ర పగిలితే గింజలు బెడ్డల్లో కలిసిపోతాయి. ఎలుకని పంపిద్దామంటే అదే తినేస్తుంది.

"నేను వెళ్తాను" అన్నాడు ఎర్రోడు.

"నువ్వా! నీకు గోళ్ళు లేవు, పళ్ళు లేవు. లోపలంతా చీకటిరా!"

"నాకు కళ్ళే లేవు. చీకటైతే ఏంటి, వెలుగైతే ఏంటి మామ్మా!"

భయమేసినా వాడు నవ్వుతూనే అన్నాడు. సింహాలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి నేలమీద పోసింది. తడిసినచోట ఎర్రోడు మూతి ఆనించి నెట్టాడు. నేల కదల్లేదు. ఇంకా నెట్టాడు. ఊహూఁ.

చెయ్యడానికి వాడికి తెలిసింది ఒకటే పని. తినడం. చెత్తని ఎలా తినేవాడో మట్టినీ అలాగే తిన్నాడు. ముందునుంచి తింటూ, వెనకనుంచి వదులుతూ, కొంచెం కొంచెంగా లోపలికి జారాడు.

"ఎవర్రా అది, నా ఒంట్లో దూరి చక్కిలిగిలి పెడుతున్నది?" అంది నేల.

"నేనమ్మా, ఎర్రోణ్ణి. సింహాలమ్మ మామ్మ ఆనపబుర్ర ఎక్కడుందో చెప్పవూ?"

"నాకేం తెలుసురా! ఒళ్ళంతా బిగుసుకుపోయి చచ్చిపోతున్నాను. ఎక్కడ ఏముందో నాకే తెలీడం లేదు. ఆగావేం? ఇంకా తవ్వు. హాయిగా ఉంది."

ఎర్రోడు మట్టి రుచి చూసుకుంటూ సాగాడు. ఒకచోట మట్టి చప్పగా ఉంది. ఒకచోట బూడిద రుచి. ఒకచోట పాత గోగువేళ్ళ పులుపు. వెళ్ళినదారి తెలియాలని, మధ్యమధ్య పైకి వచ్చి, తిన్న మట్టిని గుప్పగా పెట్టి మళ్ళీ దిగేవాడు. చిన్న చిన్న పెసరపప్పు వడియాల్లాంటి గుప్పలు.

పైన సింహాలమ్మ ఒక్కో గుప్ప దగ్గరా నీళ్ళు చిలకరిస్తూ వెంటే నడిచింది. పుంజు దగ్గరికి రాబోతే అచ్చియ్యమ్మ చీపురు తిరగేసింది. "నా కోడివే అయినా ఇవాళ పులుసులో పడతావు!" అంది. పుంజు గోడ దూకి పారిపోయింది.

ఎండ వాలింది. మబ్బు ఒక అంచు అప్పుడే కొండ దాటుతోంది. ఉన్నట్టుండి ఎర్రోడి మూతికి ఎండిన పేడ తగిలింది. పేడ కింద నున్నటి పెచ్చు. ఆనపబుర్ర! బుర్ర మూతికి పేడ మెత్తి పాతిపెట్టింది సింహాలమ్మే.

వాడు పైకి వచ్చి గొంతెత్తి అరిచాడు. "మామ్మా! ఇక్కడే!"

అక్కడ మట్టి గుల్లబారి ఉంది. సింహాలమ్మ చేతులతోనే తోడి బుర్రని బయటికి తీసింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. గలగలమంది. ఆవిడ ఏడుస్తూ నవ్వింది. నవ్వుతూనే గింజలు చల్లింది. అచ్చియ్యమ్మ పైన మన్ను కప్పింది. మబ్బు వెనక్కి తిరిగి వచ్చి, ఊరంతా తడిసేలా కురిసింది.

ఆ ఏడు ఎర్రోడు తిరిగినచోట గోగు ఇంటి చూరు తాకింది. తిరగనిచోట మోకాలు దాటలేదు. "వాణ్ణి ఇలాగే తిరగనివ్వు సింహాలమ్మా, నాకు ఒళ్ళునొప్పులు తగ్గాయి" అంది నేల.

"నాకూ లోపలే బాగుంది మామ్మా. చల్లగా ఉంది. పుంజు రాదు. ఇక్కడే ఉండిపోతాను" అన్నాడు ఎర్రోడు.

సింహాలమ్మ వాడి మీద కాసిన్ని నీళ్ళు చిలకరించింది. తర్వాత మెల్లగా అంది. "ఉండు నాయనా. కానీ నాకు గుర్తుచేసేవాళ్ళెవరు?"

కాడలు కోసి, నానేసి, నార ఒలిచే రోజులు వచ్చాయి. సింహాలమ్మ అన్నిటికన్నా మెత్తటి పోగు ఒకటి ఏరింది. ఎర్రోణ్ణి పిలిచి, అరచేతిలో పెట్టుకుని, తల దగ్గర ఆ పోగు చుట్టి ముడి వేసింది.

"ఏంటి మామ్మా ఇది?"

"నా కొంగులో చోటు లేదురా. అందుకని ఈ ముడి నీకు వేస్తున్నాను. ఏటేటా తొలివాన పడగానే పైకొచ్చి, గోగు చల్లమని నాకు చెప్పాలి."

"మరి విప్పడం నువ్వు మర్చిపోతేనో?"

"విప్పకూడదనే వేస్తున్నాను" అంది సింహాలమ్మ.

ఆ రాత్రి ఆవిడ కొంగు ముళ్ళన్నీ ఒక్కొక్కటే విప్పేసి, దిగులు లేకుండా నిద్రపోయింది.

తర్వాత ఏటేటా తొలివానకి ఎర్రోడు గడప దగ్గరికి వచ్చేవాడు. "మామ్మా, గోగు!" అనేవాడు. ఆవిడ లేచి వెళ్ళి చల్లేది.

ఒక ఏడు వాన పడుతుంటే సింహాలమ్మ అరుగు మీద ఊరికే కూర్చుని ఉంది. ఎర్రోడు వచ్చాడు.

"మామ్మా, గోగు!"

ఆవిడ వాడి వంక వింతగా చూసింది. "ఎవరు నాయనా నువ్వు?"

 ఎర్రోడు పాకుతూ వెళ్ళి ఆవిడ చేతిలోకి ఎక్కాడు. సింహాలమ్మ వేలు వాడి ఒంటిమీద నడిచింది. తల దగ్గరికి వచ్చి ఆగింది. అటూ ఇటూ తడిమింది.

"ఇది గోగునార" అంది. "నేను ఒలిచిందే. ఈ ముడి నాదే!"

ఆవిడ లేచింది. వానలోనే పెరట్లోకి నడిచింది. బుర్రలోంచి గింజలు తీసి, చెయ్యి తిప్పుతూ చల్లింది. మనసు మర్చిపోయినా చెయ్యి మర్చిపోలేదు. గోడ అవతలనుంచి అచ్చియ్యమ్మ చెయ్యి చాపి, "వదినా, నాకూ ఒక గుప్పెడు" అంది. ఆ గుప్పెడూ ఆ పెరట్లోంచి ఈ పెరట్లోకి, ఈ ఊళ్ళోంచి ఆ ఊళ్ళోకి వెళ్ళింది. అందుకే ఇవాళ మన ఇంట్లోనూ గోంగూర ఉంది.

అప్పటినుంచే ఆ ఎర్రపురుగు వానపాము అయింది. నేలలోనే ఉంటూ మట్టి తిని గుల్ల చేస్తుంది, పైన చిన్న చిన్న గుప్పలు పెడుతుంది, వాన పడగానే బయటికి వచ్చి గడపలన్నీ వెతుక్కుంటుంది. కావాలంటే చూడండి, దాని పిల్లలకి మెడలో పట్టీ ఉండదు. మాట మోసే వయసు వచ్చాకే వస్తుంది. వాన వెలిశాక మీ గుమ్మంలో కనిపిస్తే పుల్లతో పొడవకండి. తడి ఆకు మీద ఎత్తి మట్టిలో పెట్టి, "గోగు చల్లేశాంలే" అని చెప్పండి. ఆ ముడిని మాత్రం ఈరోజుకీ ఎవరూ విప్పలేదు.