గాడిద తవ్విన చెలమ

దొండ్లవాగు ఎండాకాలంలో పేరుకే వాగు. చూస్తే అంతా ఇసకే. ఆ వాగు ఒడ్డునే ఎర్రగుట్ట అడవి. పెద్ద అడవేమీ కాదు. తుమ్మలూ, రేగుకంపలూ, నాలుగు ఇప్పచెట్లూ ఉన్నాయంతే. అయినా దానికీ ఒక దొర ఉన్నాడు. ఆయన చుక్కలదొర అనే చిరుతపులి. దొర ఉన్నచోట సలహాదారు ఉండకుండా ఉంటాడా? జంబులయ్య అనే గుంటనక్క ఆ కొలువు చూసుకుంటున్నాడు. మిగిలిన దుప్పులూ, కుందేళ్లూ, నెమళ్లూ, ఓ ముసలి ఏదుపందీ మామూలు జనం.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. ఇరవై ఉండే దుప్పులు తొమ్మిదయ్యాయి. ఒకరోజు దొర వాగులో నల్లబండ మీద కూర్చుని అందరినీ పిలిపించాడు.

"వారానికో దుప్పిని తింటూ పోతే వచ్చే ఏటికి మీరూ ఉండరు, నేనూ ఉండను. గడ్డి తినమంటే నా వల్ల కాదు. ఏం చేద్దామో మీరే చెప్పండి" అన్నాడు.

జంబులయ్య గొంతు సవరించుకున్నాడు. "మనవాళ్లని తింటే కదా దొరా, అడవి తరిగేది? మనవాళ్లు కానివాళ్లని తింటే?"

"అంటే?"

"ఊళ్లోంచి తప్పించుకొచ్చి ఇక్కడ చేరినవాళ్లు. ఆ ఊరపందుల్ని చూడండి. గడ్డలన్నీ పెకలించేస్తున్నాయి. నేల మీద ఒక్క నెమలి గుడ్డు మిగలనివ్వవు. వాటిని మనం పెంచలేదు, మేపలేదు. పోతే ఏడ్చేవాళ్లూ లేరు. అవి తగ్గితే గడ్డి పెరుగుతుంది, గడ్డి పెరిగితే దుప్పులు పెరుగుతాయి. మీకు ముక్కకి ముక్కా దక్కుతుంది, అడవికి అడవీ నిలుస్తుంది."

దొర మూతి ముడిచాడు. "పందా? మా తాతల నాటి నుంచీ దుప్పి తప్ప ముట్టలేదయ్యా."

"మొదట్లో ఏ ముక్కైనా కొత్తే దొరా. నాలుగుసార్లు తింటే అదే అలవాటవుతుంది."

నిజం చెప్పుకోవాలి. నక్క చెప్పాడు కదా అని ఆ మాటని తీసిపారేయడానికి లేదు. పందుల గురించి అతనన్నది అక్షరాలా నిజం. తప్పు ఆ తర్వాత దొర్లింది.

"మరి మనవాళ్లెవరో, కానివాళ్లెవరో తేల్చేదెట్లా?" అని ఏదుపంది అడిగింది.

"చాలా సులువు. ఎవరి తాత అడుగుజాడ ఈ వాగు ఇసకలో పడిందో వాళ్లు మనవాళ్లు. తాత జాడ లేనివాళ్లు ముక్క."

పోయినేటి జాడే నిలవని ఇసకలో తాత జాడ ఎవరు వెతుకుతారు? ఆ మాట ఎవరూ అడగలేదు. అందరికీ ఇక్కడే తాతలున్నారు మరి. తమకు తగలని కట్టుబాటు ఎవరికైనా ముద్దుగానే ఉంటుంది.

దొర పంది తిన్నాడు. మొదటిరోజు మొహం చిట్లించాడు. వారం తిరిగేసరికి మూతి నాక్కుంటూ, "కొవ్వు బాగుందయ్యా" అన్నాడు. పందులయ్యాక అడవిలో మందకట్టి తిరిగే ఊరకుక్కల వంతు వచ్చింది. మధ్యలో ఓ చిన్న వాన పడితే గడ్డి మొలిచింది. దాన్ని పెకలించేవాళ్లు లేరు. నెమళ్లు పిల్లల్ని వెంటేసుకు తిరిగాయి. పొడలమ్మ అనే దుప్పికి బుడ్డి అనే పిల్ల పుట్టింది. జంబులయ్య మాత్రం నేల మీద నడవడం మానేశాడు. నెమళ్లని పిలిచి, "మన పద్ధతి నాలుగు అడవులకీ చెప్పండే" అని పురమాయించాడు కూడా.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. చెప్పాలంటే నాకే తల వంగుతోంది.

ఆ అడవిలో మోతయ్య అనే గాడిద ఉండేది. ఇరవై ఏళ్లు రేవుకి బట్టలమూటలు మోసింది. యజమాని కొడుకు టౌన్లో బట్టలుతికే మిషన్లు పెట్టుకున్నాక దీన్ని అడవి దాకా తోలి వదిలేశాడు. ఎవరి జోలికీ పోకుండా ఎండుటాకులు నమిలి బతికేది. పొద్దు పొడవకముందే వాగులోకి దిగి, తుంగ మొలిచిన గట్టు పక్కన ముందుకాళ్లతో ఇసక తవ్వి చెలమ తీసేది. పగలంతా జంతువుల తొక్కిడికి ఆ చెలమ సగం పూడిపోయేది. మర్నాడు మళ్లీ తవ్వేది. మిగతావాళ్లు తెల్లవారాక వచ్చి, "మన వాగు తల్లి చల్లగా ఊరుతోంది" అనుకుంటూ తాగిపోయేవాళ్లు.

ఈ సంగతి పొడలమ్మకి ఒక్కదానికే తెలుసు. పిల్లకి తేట నీళ్లు తాగించాలని అందరికంటే ముందు వచ్చేది.

"రా తల్లీ, బుడ్డిదాన్ని ముందు తాగనియ్" అనేది మోతయ్య. "చూశావా, తడి తగలగానే సంబరపడి ఆగకూడదు. ఇంకో మూరెడు తవ్వాలి. అప్పుడే నిలిచే నీళ్లొస్తాయి."

"ఇంత చేస్తున్నావు, నలుగురికీ చెప్పుకోవేం మోతన్నా?"

"ఎందుకులే తల్లీ. గాడిద తవ్విన నీళ్లంటే తాగుతారా? దప్పికతో చస్తారు. తాగనీ."

బుడ్డి దాని కాళ్ల సందున దూరి, "మావయ్యా, ఇంకా తవ్వు, ఇంకా తవ్వు" అని గెంతేది.

ఎండలు ముదిరాయి. కుక్కలు కూడా అయిపోయాయి. దొర మళ్లీ నల్లబండ ఎక్కాడు.

"మూడు రోజులుగా పస్తు. ఇంకెవరైనా ఉన్నారా, లేక పాత పద్ధతికే వద్దామా?" అంటూ అతను చుట్టూ చూశాడు. ఆ చూపు వచ్చి వచ్చి బుడ్డి మీద ఆగింది. "ఆ పిల్ల లేతగా ఉన్నట్టుంది."

పొడలమ్మ పిల్లని పొట్ట కిందికి లాక్కుంది.

"తొందరెందుకు దొరా, గాడిద ఉందిగా!" అన్నాడు జంబులయ్య.

అందరూ మోతయ్యకి దారిచ్చారు. ఎప్పుడూ దారివ్వనివాళ్లు ఆ రోజు ఎంత మర్యాదగా తప్పుకున్నారో!

"నీ తాత జాడ ఈ వాగులో ఉందా?" అని జంబులయ్య అడిగాడు.

"మా తాత జాడలన్నీ రేవులోనే అయ్యా. ఇక్కడ లేవు."

"విన్నారుగా!"

"కానీ నావి ఉన్నాయి" అంది మోతయ్య నెమ్మదిగా. "మీరు తాగే చెలమ నేను తవ్వుతున్నదే."

అందరూ గొల్లున నవ్వారు. ఓ కుందేలు ఉమ్మేసింది. "గాడిద తవ్వితే నీళ్లా? గాడిద గుడ్డేం కాదూ! మనం దాని కాళ్లు కడిగిన నీళ్లా తాగింది ఇన్నాళ్లూ?"

"నవ్వకండి, న్యాయం న్యాయమే" అన్నాడు జంబులయ్య పెద్దమనిషి తరహాలో. "నువ్వు తవ్వుతుంటే చూసిన సాక్షి ఉందా?"

మోతయ్య పొడలమ్మ వంక చూసింది. బతిమాలినట్టు చూడలేదు. రోజూ పొద్దున్నే చూసినట్టే చూసింది.

పొడలమ్మ తల వంచి గడ్డి కొరికింది. అక్కడ గడ్డి లేదు. ఉన్నది ఇసకే. నోరు తీరిక లేనట్టు ఆ ఇసకే నమిలింది. చెబితే నీళ్ల సంగతికి అందరూ ఛీ అంటారు. అంతకంటే, గాడిద బతికితే దొర చూపు మళ్లీ పిల్ల మీద పడుతుంది. పైగా ఎవరికీ చెప్పద్దని తనే అన్నాడుగా! పిరికితనానికి సాకులు చీమల్లా వరస కడతాయి. దాని చోట మీరూ నేనూ ఉంటే చెప్పేవాళ్లమా? నాకైతే నా మీద నమ్మకం లేదు.

మోతయ్య ఇంకెవరి వంకా చూడలేదు. "నాకెవరూ లేరులెండి దొరా" అంది. ఆ మాటతో పంచాయితీ ముగిసింది. చుక్కలదొర దాన్ని గట్టు వెనక్కి తీసుకుపోయాడు.

ఇంటికి పోతూ బుడ్డి అడిగింది. "అమ్మా, మావయ్య మనవంక చూశాడు కదా. నువ్వెందుకు చూడలేదు?"

పొడలమ్మ అడుగుల వేగం పెంచింది. "గబగబా నడువు" అంది.

మర్నాడు చెలమ సగం పూడింది. మూడోనాటికి అక్కడ చెలమ ఉండేదని కూడా తెలియలేదు. జంబులయ్య వాగు నడిమధ్య ఇసకలో నాలుగుచోట్ల గీరాడు. తడి తగలగానే, "వచ్చాయి, వచ్చాయి!" అని గంతులేశాడు. కాసేపట్లో ఆ తడీ ఆరిపోయింది. ఎక్కడ తవ్వాలో, ఎంత లోతు తవ్వాలో తెలిసిన ఒకే ఒక్క ప్రాణి దూరంగా నిలబడి చూస్తూ ఉంది. తవ్వి చూపిస్తే, "నీకెట్లా తెలుసు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి భయపడి పొడలమ్మ తన పిల్ల నాలుక పిడచగట్టుకుపోతున్నా కదల్లేదు. ఒక తప్పు దాచడానికి ఇంకో తప్పు! దాని సంగతి తల్చుకుంటే జాలీ వేస్తుంది, కోపమూ వస్తుంది.

దొర నీళ్ల కోసం ఊరి చెరువు వైపు పోయి మళ్లీ రాలేదు. ఏదుపంది దప్పికతో కళ్లు మూసింది. మిగిలినవాళ్లు జంబులయ్య వెనక రెండు గుట్టలు దాటి తూముకొండ అడవి చేరారు. అక్కడా వాగు ఎండే ఉంది. కొండ మీద ఒక రాతి దొనలో కొద్దిగా నీళ్లున్నాయి. దాని ముందు ఆ అడవిని ఏలే ముసలి ఆడపులి కూర్చుని ఉంది. అందరూ ఆమెని పెద్దమ్మ అంటారు.

"ఎర్రగుట్ట వాళ్లా! మీ పద్ధతి గురించి నెమళ్లు చెప్పాయి. చాలా నచ్చింది. మేమూ అదే పెట్టుకున్నాం" అంది పెద్దమ్మ ఆప్యాయంగా.

జంబులయ్య ఛాతీ విరుచుకున్నాడు. "ఆ పద్ధతి పెట్టింది నేనే పెద్దమ్మా."

"అలాగా! అయితే నీతోనే మొదలుపెడదాం. నీ తాత జాడ ఈ వాగులో ఉందా?"

జంబులయ్య విరుచుకున్న ఛాతీ అలాగే ఉండిపోయింది, మాట మాత్రం తడబడింది. "అది... అది మా అడవికి చేసుకున్న ఏర్పాటు. నేను పనికొచ్చేవాణ్ణి. సలహాలు చెబుతాను."

"నీ సలహా నాకు ముందే అందింది. సాక్షి ఉందా?"

"ఉంది, ఉంది! పొడలమ్మా, నువ్వు చెప్పు. నా వల్ల మన అడవికి ఎంత మేలు జరిగిందో చెప్పు. నీ పిల్లని కాపాడింది కూడా నేనే కదమ్మా!"

అందరూ పొడలమ్మ వంక చూశారు. దాని తల తనకు తెలియకుండానే కిందికి వంగబోయింది. ఇక్కడ నిజంగానే నాలుగు గడ్డిపరకలున్నాయి. అయినా వాటిని ముట్టలేదు. తల ఎత్తింది.

"పందుల్ని తినిపించడం వల్ల మేలే జరిగింది పెద్దమ్మా. ఆ తర్వాత మాకు నీళ్లిచ్చే గాడిదని తినిపించాం. తినమంది ఈ నక్క. నిజం తెలిసీ నోరు మూసుకుంది నేను. నా తప్పే పెద్దది. అతనికి తెలియదు, నాకు తెలుసు."

కుందేళ్లు ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు. చూసుకునే మొహాలు ఎవరికీ లేవు.

పెద్దమ్మ జంబులయ్య వైపు తిరిగింది. "నక్క మాంసం మా ఇంటావంటా లేదు. అయినా మొదట్లో ఏ ముక్కైనా కొత్తేనటగా!"

జంబులయ్య పద్ధతి ముందు జంబులయ్యనే మింగింది. ఆ తర్వాత ఆమె చూపు బుడ్డి మీదికి మళ్లింది.

"ముందు నన్ను ఒక పని చేయనివ్వండి. పూర్తయ్యాక నన్ను తిన్నా ఏమీ అనను" అంటూ పొడలమ్మ అడ్డు నిలబడింది.

వాగులోకి దిగి, గట్టు పక్కన తుంగ ఎక్కడుందో వెతికింది. దుప్పి గిట్టలు తవ్వడానికి పుట్టినవి కావు. గిట్ట చీలి రక్తం వచ్చింది. తడి తగిలింది. చుట్టూ ఉన్నవాళ్లు అరిచారు. అది ఆగలేదు. ఇంకో మూరెడు తవ్వింది. నీళ్లు ఊరి నిలిచాయి.

పెద్దమ్మ వంగి తాగింది. "దుప్పివి, నీకీ పని ఎవరు నేర్పారు?"

"మా అన్న."

"మీ అన్న దుప్పేనా?"

"గాడిద."

ఈసారి ఎవరూ నవ్వలేదు, ఉమ్మలేదు. పెద్దమ్మ ఇంకో గుక్క తాగి, "జాడ వెతకడం ఇవాళ్టితో బంద్. ఎవరిని తినాలన్నా ముందు వాళ్లేం చేస్తున్నారో నేను స్వయంగా చూస్తాను" అని లేచిపోయింది.

ఇప్పటికీ తూముకొండలో పొద్దు పొడవకముందే ఇసక గీరుతున్న చప్పుడు వినిపిస్తుంది. అందరూ తాగాకే పొడలమ్మ తాగుతుంది. ఎవరైనా "పొడలమ్మ చెలమ" అంటే ఊరుకోదు. "మోతన్న చెలమ అనండి!" అని గుట్ట మారుమోగేలా అరుస్తుంది. నల్లబండ దగ్గర ఒక్కసారి, ఇందులో సగం గొంతుతో చెప్పినా సరిపోయేదని బుడ్డికి తెలుసు, తల్లికీ తెలుసు.

నీతి: నోరున్నది మేతకొక్కదానికే కాదు, సాక్ష్యానికి కూడా.